గీయనన్న ఇల్లు

ఫరీద్ పిరికివాడని నరసరావుపేటలో అతన్ని ఎరిగినవాళ్ళందరికీ తెలుసు. ఆ మాట అతను కూడా కాదనేవాడు కాదు. తండ్రి ఇమాం సాహెబ్ పేరున్న తాపీమేస్త్రీ. ఎంత ఎత్తు పరంజా మీదైనా నేలమీద నడిచినట్టే నడిచేవాడు. కొడుకుని పనిలో పెట్టుకుందామని ఓసారి పరంజా ఎక్కిస్తే, వాడు నాలుగు బారలు ఎక్కి సరివి గుంజని కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు. పైకి పోడు, కిందికి రాడు. చివరికి కూలీలు ఇద్దరు పట్టుకుని మూటని దించినట్టు దించారు. ఇమాం సాహెబ్ తిట్టలేదు. "ఎక్కలేనోడివి, గీయటమన్నా నేర్చుకోరా" అన్నాడు.

అట్లా ఫరీద్ గీయటం నేర్చుకున్నాడు. హైదరాబాదు పోయి ఆర్కిటెక్చర్ చదివాడు. తోటివాళ్ళందరూ బొంబాయి అనీ మద్రాసు అనీ పెద్ద ఆఫీసులు వెతుక్కుంటూ పోతే, ఇతను తిరిగి నరసరావుపేట వచ్చి, తమ ఇంటి ముందుగదిలో ఒక బల్ల వేసుకుని, 'ఫరీద్, ఆర్కిటెక్ట్' అని బోర్డు కట్టాడు. ఆర్కిటెక్ట్ అనే మాట ఆ ఊళ్ళో ఎవరి నోరూ తిరగలేదు. అందరూ ఇంజినీరు అనే పిలిచేవాళ్ళు.

మనిషిలో ఉన్న భయం పనిలోకి కూడా వచ్చింది. గట్టిగా వాన పడిందంటే తను గీసిన ఇళ్ళన్నీ ఒక్కొక్కటీ కళ్ళముందుకు వచ్చేవి. ఫలానావాళ్ళ సన్‌షేడ్ ఎట్లా ఉందో, ఫలానావాళ్ళ మిద్దె కారుతుందేమో అని తెల్లారగానే సైకిలేసుకుని ఊరంతా తిరిగి చూసుకుని వచ్చేవాడు. అతని భార్య హలీమా ఉర్దూ బడిలో టీచరు. "ఊళ్ళో ఇళ్ళన్నిటికీ కావలి కాసేవాణ్ణి చేసుకుంటున్నానని పెళ్ళికి ముందు నాకెవరూ చెప్పలేదు" అనేది.

ఎనభై ఆరులో, వానలు వెనకబట్టిన రోజుల్లో, హైదరాబాదు నుంచి ధనుంజయరావు గారు వచ్చారు. ఫరీద్‌కి చదువు చెప్పిన ప్రొఫెసరు. గుంటూరులో ఏదో పని చూసుకుని, శిష్యుణ్ణి వెతుక్కుంటూ వచ్చి ఆ ముందుగదిలో స్టూలు మీద కూర్చున్నారు.

"ఒక ట్రస్టు వాళ్ళు పరిశోధనకి డబ్బు ఇస్తామన్నారు" అన్నారాయన. "చిన్న ఊళ్ళకి పట్నం నుంచి ఒకే ప్లాను అచ్చేసి పంపితే చాలదా, నీలాంటి చిన్న చిన్న ఆఫీసులు ఎందుకు అని పైన మాట్లాడుకుంటున్నారు. ఎందుకో చెప్పమంటే నా దగ్గరా జవాబు లేదు. డాక్టరు పనికొచ్చాడో లేదో రోగి చెబుతాడు. మనం పనికొచ్చామో లేదో ఎప్పుడన్నా ఎవర్నన్నా అడిగామా? కొన్ని ఊళ్ళు ఎంచుకుంటున్నాం. పల్నాడు నువ్వు చూడు."

పని ఆయనే వివరించారు. తను ప్లాను వేసిన ఇల్లు ఒకటి, అదే ఊళ్ళో ప్లాను లేకుండా కట్టుకున్న అంతే పెద్ద ఇల్లు ఇంకొకటి, జతగా తీసుకోవాలి. రెండిటినీ కొలవాలి. రెండిళ్ళలోనూ ఒకే ప్రశ్నలు అడగాలి. ఎవరు ఎక్కడ పడుకుంటారు, ఎండాకాలం మంచాలు ఎటు మారతాయి, పొద్దున్నే ముందు లేచేది ఎవరు, ఏ తలుపు తీస్తారు, ఏ తలుపు అసలు వాడరు. ప్రశ్నలన్నీ హైదరాబాదులోనే తయారై వచ్చాయి.

ఫరీద్‌కి గుండెల్లో రాయి పడింది. తన ఇళ్ళకి తనే పోయి, నేను మీకు పనికొచ్చానా అని అడగటమా! లేదని వాళ్ళంటే ఏం చెయ్యాలి? బోర్డు పీకేసుకుని ఏ పని చేసుకోవాలి? ప్రొఫెసరు గారు వెళ్ళాక హలీమాతో అదే అన్నాడు.

"అడగకుండా రోజూ భయపడేదానికన్నా, అడిగి ఒక్కసారే భయపడు" అంది హలీమా.

నరసరావుపేటలో పని బాగానే సాగింది. ఒక పత్తి వ్యాపారి ఇంట్లో ఆ ఇల్లాలు ఇతన్ని తిన్నగా వంటింట్లోకి తీసుకుపోయి, పొయ్యి మీద మిరపకాయల తాలింపు వేసి, "మీరు కట్టిచ్చినప్పటి నుంచీ ఈ ఘాటు నేను మింగతన్నా. ఇయ్యాల మీరూ కాసేపు మింగండి" అని తలుపు దగ్గర అడ్డంగా నిలబడింది. కళ్ళు తుడుచుకుంటూ బయటపడ్డాడు. ఇంకోచోట రత్నకుమారి అనే నర్సు, మంచం పట్టిన మొగుడి తలాపున ఇతను పెట్టించిన కిటికీ చూపించి, "రోడ్డు మీద బస్సులు లెక్కపెట్టుకుంటా ఉంటాడు. ఇదే లేకపోతే ఈపాటికి నన్ను కొరుక్కుతినేవాడు" అంది. ఫరీద్ రెండూ రాసుకున్నాడు. కాస్త ధైర్యం వచ్చింది. వచ్చిన ధైర్యంతోనే గురజాల దాటి వెళ్ళాడు.

అక్కడ ఒక ఊళ్ళో చెన్నకేశవరావు అనే మోతుబరికి అంతకు నాలుగేళ్ళ ముందు ఇల్లు గీశాడు. ఊరు రెండు పార్టీలు. బాటకి ఈ పక్క చెన్నకేశవరావు, ఆ పక్క అంకారావు. రెండువైపులా చావులున్నాయి, రెండువైపులా కేసులున్నాయి. ఆ ఇల్లు గీయించుకునేటప్పుడే చెన్నకేశవరావు చెప్పాడు: "వీధివైపు కిటికీ వద్దు. ఇంట్లో వెలుతురు మాత్రం కావాల. యాడ నుంచి తెస్తావో నీ ఇష్టం." ఫరీద్ ఇల్లు మధ్యలో ఆకాశం కనపడేటట్టు వాకిలి వదిలి, గదులన్నీ దాని చుట్టూ తిప్పాడు. యజమాని పడకగది ఎక్కడుండాలో, దాని వెనక నుంచి దొడ్లోకి దారి ఎట్లా పోవాలో ఇద్దరే కూర్చుని మాట్లాడుకున్నారు. మేస్త్రీకి కూడా ఆ వెనక తలుపు సంగతి ఆఖర్లోనే చెప్పారు.

ఫరీద్ వెళ్ళిన రోజు గురజాల కోర్టులో వాయిదా. చెన్నకేశవరావు లేడు. ఆయన భార్య కోటేశ్వరమ్మ మంచినీళ్ళిచ్చి, కొలతలు తీసుకోనిచ్చింది. ప్రశ్నలకి మాత్రం ముక్తసరిగా జవాబు చెప్పింది. అంతా అయ్యాక చెయ్యి చాపింది.

"ఆ కాగితాలు ఇటియ్యి తమ్ముడా. ఆయన వచ్చిందాకా నా దగ్గరే ఉంటయి."

ఫరీద్ మనసు కొంచెం నొచ్చుకుంది. అయినా ఇచ్చేశాడు.

"ఇంకేం పని? బస్సు వచ్చే వేళయింది, ఎల్లు" అందామె.

ఇంకో ఇల్లు చూడాలన్నాడు. ఏ ఇల్లో చెప్పలేదు. అప్పటికి అతనికే తెలియదు. బస్సు ఆగేచోట టీకొట్టతన్ని, అంత పెద్ద మిద్దె ఊళ్ళో ఇంకెవరిదుందని అడిగాడు. టీకొట్టతను గ్లాసు కడుగుతున్నవాడల్లా ఆగి, ఇతని మొహంలోకి చూసి, "ఉంటే గింటే అంకారావు గారిదే" అన్నాడు.

ఫరీద్ బస్సెక్కిపోదామనుకున్నాడు. అయితే జత లేకపోతే ఈ ఇల్లు కొలిచింది దండగ. అదీగాక వాయిదా రెండు పార్టీలకీ ఉంది, ఆ పక్క మగవాళ్ళు కూడా గురజాలలోనే ఉంటారు. ఇంతకన్నా మంచిరోజు దొరకదు. తెలివైన ఆలోచనే అనుకున్నాడు. బాట దాటాడు.

అంకారావు తల్లి పాపమ్మ వసారాలో కూర్చుని మిరపకాయలు తొడిమలు తీస్తోంది. మనిషి ముసలిదే గాని గొంతు కంచు. ఇతన్ని జనాభా లెక్కలవాడనుకుంది. కాదు, ఇంజినీరునని, టీకొట్టు దగ్గర ఇల్లు అడిగి వచ్చానని చెప్పినా ఆమెకి పెద్ద తేడా కనపడలేదు. మాట్లాడే మనిషి దొరికితే చాలన్నట్టు ఇల్లంతా తిప్పి చూపింది. పాతకాలపు నాపరాళ్ళ గోడలు, పట్టపగలే చీకటి. ఫరీద్ టేపు పట్టుకుని గది గదీ కొలిచాడు. తర్వాత వసారాలో కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"పెద్దోడు ఈ గదిలో. చిన్నోడూ పెళ్ళామూ ఆ మూల గదిలో. నాకు గాలాడదని ఇట్టా వసారాలో ఏసుకుంటా" అని పాపమ్మ చెబుతోంది. "ఎండాకాలమైతే పెద్దోడు మిద్దె మీదికి పోతాడు..."

జీపు చప్పుడైంది. వాయిదా మళ్ళీ వాయిదా పడింది. అంకారావూ, అతని వెంట నలుగురైదుగురు మనుషులూ లోపలికి వచ్చారు. అంకారావు బక్కపలచటి మనిషి. తెల్ల చొక్కా. చూస్తే బడిపంతులు అనుకుంటారు.

"ఎవురమ్మా ఈయన?"

"ఇంజినీరంటరా. మనం యాడ పడుకుంటామో రాసుకుంటన్నాడు."

ఆ మాట ఆ మనుషుల చెవుల్లో ఎట్లా పడి ఉంటుందో ఫరీద్‌కి ఆ క్షణాన తెలిసింది. చేతిలో పెన్సిలు జారి కింద పడిందని కూడా తెలియలేదు. వెనక నిలబడ్డవాడొకడు పోయి వీధి తలుపు గడియ పెట్టాడు.

అంకారావు నెమ్మదిగా కాగితాలు తీసుకుని చూశాడు. "ఎవురు పంపారు?"

"హైదరాబాదు... ట్రస్టు. పరిశోధన అండీ. ఇళ్ళ మీద."

"నేను యాడ పడుకుంటే హైదరాబాదుకి ఏంది?"

ఆ మాటకి వస్తే ఫరీద్‌కీ అదే అనిపించింది. చిన్న ఆఫీసుల వల్ల జనానికి ప్రయోజనం ఏమిటో తెలుసుకోవటానికి అని ఏదో అన్నాడు. తన గొంతు తనకే ఎవరిదోలాగా వినపడింది. వాళ్ళలో ఒకడు అతన్ని ఎగాదిగా చూసి, "అన్నా, ఈయన చెన్నకేశవరావు ఇల్లు గీసిన సాయిబు. పునాదులప్పుడు చూశా" అన్నాడు.

తంతారనుకున్నాడు ఫరీద్. చంపుతారనుకున్నాడు. వాళ్ళు అదేమీ చెయ్యలేదు. అంకారావు మొహం విప్పారింది. మడత మంచం వాల్పించి కూర్చోమన్నాడు. లోపలి నుంచి మజ్జిగ తెప్పించాడు. "ఆ సంగతి ముందే చెప్పొచ్చు గదా ఇంజినీరూ" అన్నాడు. ఆ మర్యాదకి ఫరీద్ ఇంకా భయపడ్డాడు. మజ్జిగ గ్లాసు పళ్ళకి తగిలి టకటకలాడింది.

అంకారావు ఒక తెల్లకాగితం అతని ముందు పెట్టాడు. కింద పడిపోయిన పెన్సిలు తనే వంగి తీసి చేతికిచ్చాడు.

"ఆ ఇల్లు గీయి. బయట నుంచి చూస్తే అన్నీ గోడలే కనపడతన్నయి. ఆయన పడకెక్కడో, ఎనక దారెక్కడో గీయి. నిన్ను జీపులో తీసకపోయి నరసరావుపేటలో దింపుతా."

ఒకడు లోపలి నుంచి వేటకొడవలి తెచ్చి అరుగు మీద పెట్టాడు. ఎత్తలేదు, చూపించలేదు. బరువు దించుకున్నట్టు పెట్టాడంతే.

ఫరీద్ పెన్సిలు పట్టుకున్నాడు. గీసేద్దామనే అనుకున్నాడు. అబద్ధం గీద్దాం, వీళ్ళకేం తెలుస్తుంది అనుకున్నాడు. మొదట నాలుగు గీతలు గీశాడు, బయటి గోడ. లోపల మంచం ఎక్కడ పెట్టాలి? తూర్పు గది అని పెడదామా? తూర్పు గదిలో చెన్నకేశవరావు ఆడపిల్లలు ఇద్దరు పడుకుంటారు. దక్షిణం గదా? అందులో కళ్ళు కనపడని ఆయన తండ్రి. ఏ గది చూపించినా ఆ గదిలో ఎవరో ఒకరున్నారు. ప్రతి మంచం మీదా ఒక మనిషి ఉన్నాడు. ఆ మంచాలకి సరిపడా కొలిచి ఆ గదులు పెట్టింది తనే. నిజం గీస్తే ఒకరు పోతారు, అబద్ధం గీస్తే ఇంకొకరు పోతారు. ఆ ఇంట్లో ఖాళీగా ఉన్న చోటు వాకిలొక్కటే.

పెన్సిలు కింద పెట్టాడు.

"గీయలేనండీ."

"మర్చిపొయ్యావా?"

అవునని ఉంటే సరిపోయేది. అబద్ధమాడటానికి కూడా కాస్త ధైర్యం కావాలి. అది అతని దగ్గర లేదు. "లేదండీ, గుర్తుంది" అన్నాడు. "గీయలేను."

"గీయలేవా, గీయవా?"

ఫరీద్ ప్యాంటు తడిసిపోయింది. అది అందరికీ కనపడుతోందని తెలుసు. సిగ్గుపడేంత తెరిపి కూడా భయం ఇవ్వలేదు. హలీమా బడి నుంచి వచ్చే వేళ అయిందనుకున్నాడు. ఇవాళ తలుపు తాళం ఆమే తీసుకోవాలి అనుకున్నాడు. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని, దెబ్బ ఎటు నుంచి పడుతుందా అని ఎదురుచూశాడు.

పడలేదు. పాపమ్మ గొంతు వినపడింది.

"ఒరేయ్ పెద్దోడా, అతన్ని వదిలెయ్యండి."

"నువ్వు లోపలికి పోమ్మా."

"నేను యాడికీ పోను. నా నోటితో నేనే చెప్పా నువ్వు యాడ పడుకుంటావో, నీ తమ్ముడు యాడ పడుకుంటాడో. ఇప్పుడు మన ఇల్లు కూడా అతని తలకాయలో ఉంది. ఇయ్యాల నువ్వు కొడవలి పెడితే వాళ్ళ ఇల్లు గీసిచ్చినోడు, రేపు వాళ్ళు కొడవలి పెడితే నీ ఇల్లు గీసియ్యడా? గీయనన్నోడు బతికితేనేరా నువ్వు కంటినిండా నిద్రపొయ్యేది."

"తలకాయే లేకపోతే ఏదీ ఉండదు" అన్నాడు కొడవలి తెచ్చినవాడు.

"సిగ్గులేదట్రా! మజ్జిగ తాగించి నరుకుతారా మన ఇంట్లో?" అని ముసలామె వాడి మీద విరుచుకుపడింది. "పట్టపగలు టీకొట్టు దగ్గర అడిగి వచ్చాడంట ఇల్లు ఏదని. ఊరంతా చూసింది. ఇంకో కేసు మోసే ఓపిక నాకు లేదు."

అంకారావు తన ఇంటి కొలతల కాగితాలు తల్లి చేతికిచ్చాడు. ఆమె తీసుకుపోయి పొయ్యిలో పెట్టింది. టేపు మాత్రం అంకారావే ఉంచుకున్నాడు. వీధి తలుపు తీయించి, ఫరీద్ దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యివేసి మెల్లిగా చెప్పాడు.

"మా అమ్మ మాట తీసెయ్యలేక వదులుతన్నా. మా ఇల్లు నీ దగ్గరుంది. మర్చిపోవాక."

బస్సు ఆగేచోటికి ఎట్లా నడిచాడో ఫరీద్‌కి గుర్తులేదు. టీకొట్టతను కుండలో నీళ్ళు ముంచి మొహం మీద చల్లాడు. ప్యాంటు మీద కూడా కావాలనే చల్లాడు, తడి కనపడకుండా. ఒక్క మాట అడగలేదు. ఎర్రబస్సు ఎక్కి, పిడుగురాళ్ళ దాకా డ్రైవరు వెనక సీట్లోనే ముడుచుకుని కూర్చున్నాడు. సున్నపుబట్టీల పొగ కనపడ్డాక గాని గట్టిగా ఊపిరి తీసుకోలేకపోయాడు.

ఇంటికి వచ్చి హలీమాకి అంతా చెప్పాడు. ఏదీ దాచలేదు, ప్యాంటు సంగతి కూడా. హలీమా ఏడవలేదు. వేణ్ణీళ్ళు పెట్టి స్నానం చెయ్యమంది. ఆ తర్వాత జ్వరం వచ్చింది. జ్వరంలో అతన్ని పీడించింది అంకారావు కొడవలి కాదు. చెన్నకేశవరావుకి చెప్పాలా వద్దా? చెబితే ఆ మంట తనే ఎగదోసినవాడవుతాడు. చెప్పకపోతే, రేపు ఏమన్నా జరిగితే, తెలిసీ ఊరుకున్నవాడవుతాడు. హలీమా బడికి పోయి వచ్చేలోపల, కూర్చున్నచోటే ఎన్నోసార్లు ఇటూ అటూ మనసు మార్చుకున్నాడు.

అతను తేల్చుకోకముందే చెన్నకేశవరావు జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. భారీ మనిషి. లోపలికి వచ్చి, బల్లకి ఎదురుగా కూర్చుని, వెంట వచ్చినవాళ్ళని బయటే ఉండమన్నాడు. హలీమా టీ ఇచ్చి, వెళ్ళిపోకుండా గుమ్మంలోనే నిలబడింది.

"బాట అవతలికి పొయ్యావంట."

"పొయ్యానండీ."

"మా ఇల్లు గీయమన్నారంట."

ఏ ఊళ్ళోనైనా గోడలకి చెవులుంటాయి. ఫరీద్ తలూపాడు. "గీయలేదండీ."

"ఎట్టా నమ్మాల?"

ఫరీద్ నోరు తెరిచేలోపలే చెన్నకేశవరావు ముందుకు వంగాడు. "సరే, నమ్ముతా. వాళ్ళ ఇల్లు కొలిచావంట గదా. మిద్దె ఎక్కే మెట్లు యాడున్నయ్యో, ఆడు ఏ గదిలో ఉంటాడో గీసియ్యి. మా ఇల్లు గీసినోడివి. మా ఇంట్లో తిన్నావు. నిన్ను నేను పరాయోడిగా చూడలా."

ఫరీద్ బల్ల అంచు పట్టుకున్నాడు. అక్కడ కొడవలి చూసి భయపడ్డాడు, ఇక్కడ కొడవలి లేదు, అయినా భయం మాత్రం అదే. ఎదురుగా ఉన్నది తనంటే గౌరవమున్న మనిషి. ఆ వసారాలో మిరపకాయల మధ్య కూర్చున్న ముసలామె కళ్ళలో మెదిలింది. తను గీస్తే మెట్లకి అడ్డంగా మొదట ఉండేది ఆమె మంచమే.

"గీయనండీ" అన్నాడు.

"ఏందీ?"

"నేను గీయలేదని ఎట్లా నమ్మాలన్నారు గదా. ఇప్పుడు మీరడిగినా గీయట్లేదు. నా దగ్గర అంతకన్నా సాక్ష్యం లేదండీ."

చెన్నకేశవరావు మొహం ఎర్రబడింది. లేచి నిలబడ్డాడు. గుమ్మంలో హలీమా పక్కకి తప్పుకోలేదు. ఆయన ఆమె వంక చూసి, ఫరీద్ వంక చూసి, మళ్ళీ కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. దాన్నే తాగాడు. గ్లాసు బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి కోటేశ్వరమ్మ, నరసరావుపేట ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆ రోజు ఉంచుకున్న కాగితాలు తెచ్చి హలీమా చేతికిచ్చింది. ఆ ఇంట్లో పడకలన్నీ మార్చేశామని, ఇప్పుడు ఆయన ఎక్కడ పడుకునేదీ ఇంజినీరుకి కూడా తెలియదని చెప్పింది. కోపంగా చెప్పలేదు. ఇంజినీరు ఇంక ఆ బరువు మొయ్యనక్కర్లేదని చెప్పినట్టే చెప్పింది. కాని విన్న ఫరీద్‌కి, ఆయన పాత గదిలో ఇప్పుడు ఎవరు పడుకుంటున్నారా అని బెంగ పట్టుకుంది.

పత్తి తీతలప్పుడు ఆ ఊళ్ళో బాంబులు పడ్డాయి. చెన్నకేశవరావు చిన్నాన్న కొడుకు పోయాడు. అంకారావు మనిషి ఒకడికి చెయ్యి తెగింది. నరసరావుపేటలో టీ తాగుతూ ఆ మాట విన్న ఫరీద్ మొదట అడిగింది, "ఇంట్లోనా?" అని.

"ఇంట్లో కాదు, బస్సు దిగతా ఉంటే. రోడ్డు మీద."

"అమ్మయ్య" అన్నాడు. పైకే అన్నాడు. చెప్పినవాడు వింతగా చూశాడు. మనిషి చచ్చిపోయాడంటే అమ్మయ్య అనే రోజు తనకి వచ్చినందుకు ఆ సాయంత్రమంతా హలీమాతో కూడా మాట్లాడలేకపోయాడు.

ఏడాది ఆఖరికి పరిశోధన అప్పజెప్పటానికి హైదరాబాదు వెళ్ళాడు. ధనుంజయరావు గారు కాగితాలు తిరగేసి, "గురజాల జత ఏదీ?" అన్నారు.

"అది ఇవ్వనండీ."

"జత లేకపోతే లెక్క కుదరదు ఫరీద్. డబ్బిచ్చినవాళ్ళకి ఏం చెప్పను?"

ఫరీద్ జరిగింది చెప్పాడు. వసారా, మజ్జిగ, తెల్లకాగితం. ప్రొఫెసరు గారు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "ఆ ప్రశ్న రాసింది నేనే" అన్నారు. "ఎవరు ఎక్కడ పడుకుంటారన్నది. ఎంత బాగా రాశానో అనుకున్నాను." ఆ రోజే మిగతా ఊళ్ళలో పనిచేస్తున్నవాళ్ళకి ఫోన్లు చేయించి ఆ ప్రశ్న తీయించేశారు.

ట్రస్టు కమిటీ ముందు ఒక పెద్దమనిషి, "మొత్తానికి చిన్న ఆఫీసు వల్ల ప్రయోజనం ఏమిటంటారు?" అని అడిగాడు. ఫరీద్ వంటింటి ఘాటు సంగతి చెప్పాడు, నర్సు ఇంటి కిటికీ సంగతి చెప్పాడు. ఆ తర్వాత, "జనం మాకు కొన్ని సంగతులు చెబుతారండీ. తోబుట్టువులకి కూడా చెప్పనివి. మేము అదే ఊళ్ళో ఉంటాం గనక చెబుతారు. పట్నం నుంచి వచ్చే అచ్చు ప్లానుకి అవి ఎవరూ చెప్పరు" అన్నాడు. ఆయన తల పంకించి, దీన్ని ఎట్లా లెక్కగట్టాలని పక్కాయన్ని అడిగాడు. పక్కాయనకీ తెలియలేదు. కొన్నాళ్ళకి వచ్చిన నివేదికలో, ప్లాను వేయించిన ఇళ్ళలో సిమెంటు ఎంత ఆదా అయిందో పట్టిక వేసి, చిన్న ఆఫీసులు ఉండటం మేలేనని రాశారు. రెండో ఏడుకి కూడా డబ్బు ఇచ్చారు. ఫరీద్ చిలకలూరిపేటా, సత్తెనపల్లీ చూశాడు. గురజాల దాటి పోలేదు.

బల్ల, బోర్డు అట్లాగే ఉన్నాయి. ఆఫీసులో ఏ ఇంటి ప్లానూ ఉంచుకోవటం మానేశాడు. ఇల్లు పూర్తవగానే గీసినవన్నీ యజమానికి అప్పజెప్పేవాడు. కొందరు, పార్టీవాళ్ళ గొడవల్లో ఇరుక్కున్న మనిషని రావటం తగ్గించారు. పిడుగురాళ్ళ సున్నపుబట్టీ యజమాని ఒకడు మాత్రం పనిగట్టుకుని వచ్చి, "మీరు చెప్పరంట గదా" అని కూర్చున్నాడు. ఫరీద్‌కి ఆ మాట పొగడ్తలాగా వినపడలేదు. అయినా పని ఒప్పుకున్నాడు.

ఆ ఊళ్ళో పార్టీలు రాజీపడటానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అందాకా గురజాల కోర్టులో వాయిదా ఉన్న రోజున ముందుగది తలుపులు తెరుచుకునేవి కావు. ఎవరన్నా వస్తే, ఇంజినీరు ఊళ్ళో లేడని హలీమా చెప్పి పంపేది. లోపల ఫరీద్ లైటు వేసుకుని, వీధిలో జీపు చప్పుడైనప్పుడల్లా చెయ్యి ఆపి, అది దూరంగా పోయిందాకా చెవి ఒగ్గి, మళ్ళీ ఎవరిదో ఇంటికి మెట్లు గీసుకుంటూ ఉండేవాడు.